నలభై బస్తాల చొప్పున నాలుగు రకాలుగా ఆరబెట్టి చూశాను

తేమ 23 శాతం ఉన్న 75 కిలోల ధాన్యం బస్తాని, అమ్మకానికి హద్దయిన 17 శాతానికి దించాలంటే ఐదు కిలోల నాలుగు వందల గ్రాముల నీళ్ళు బయటికి పోవాలి. ఆ బస్తాలో ఎండు సరుకు 57 కిలోల ముప్పావు. నూటికి 83 పాళ్ళు అదే కావాలంటే బస్తా తూకం 69న్నరకి రావాలి. నలభై బస్తాలకి ఈ నీళ్ళు 217 కిలోలు. రెండు వందల లీటర్ల పీపా నింపి పొయ్యి మీదకెక్కించి, చుక్క మిగలకుండా ఆవిరి చేసినంత పని అది. ఎండ చేసినా, డీజిలు చేసినా, ఊక చేసినా ఆ పని చేయాల్సిందే. దేనితో చేయిస్తే ఎంతయింది, గింజకి ఏమైంది అన్నది ఈ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. మిషను కోత కోయించి బరకాల (టార్పాలిన్ పట్టాల) కోసం పరుగులు పెట్టే నాలాంటి వాళ్ళకి అక్కరకొస్తుందని రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరిలో తణుకు, అత్తిలి మధ్య పల్లె. సొంతం మూడెకరాలు, కౌలు రెండెకరాలు. సార్వాకి స్వర్ణ రకం వరి వేస్తాం. మా మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029 ఇది. ఇన్నేళ్ళయినా మా చేలు దాన్ని వదల్లేదు. దాళ్వాకి, అంటే ఎండాకాలం కోసే రెండో పంటకి, ఎంటీయూ 1121 రకం. చేలో పనులు మా ఆయన చూసుకుంటారు, గింజ కళ్ళానికి చేరిన దగ్గర్నుంచి గాదెలో పడేదాకా నా బాధ్యత.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, మా మామయ్య గారి రోజుల్లో, ఆరుదల ఖర్చు అన్న మాటే ఇంట్లో వినపడేది కాదు. కొడవళ్ళతో కోసి పనలు నాలుగు రోజులు చేలోనే ఉంచేవాళ్ళు. తర్వాత కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళాక కుప్పనూర్పిళ్ళు. అప్పటికి గింజ పంటి కింద టక్కుమనేది. ఎండా గాలీ నెల రోజులు తీరిగ్గా చేసిన పని అది. ఇప్పుడు చైను మిషను గంటకి ఎకరం కోసి, పచ్చి గింజని ట్రక్కులో పోసి వెళ్ళిపోతోంది. కూలి మిగిలిన మాట నిజమే. ఆ నెల రోజుల ఆరుదల మాత్రం మన మీద పడింది, అదీ మూడు నాలుగు రోజుల్లో తెమిలిపోవాలి.

తెమలకపోతే ఏమవుతుందో 2023లో చూశాం. మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ధాన్యం అప్పటికి రెండు రోజుల కిందటే కోసి బరకాల మీద ఉంది. మూడు రోజులు విప్పే వీల్లేకపోయింది. నాలుగో రోజు బరకం ఎత్తి చెయ్యి పెడితే లోపల అన్నం గిన్నెలా వేడిగా ఉంది. అంచుల్లో తెల్లటి మొలకలు. ముక్కవాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే. పంట ఇంకా చేలో పనల మీదే ఉన్నవాళ్ళు 5 శాతం ఉప్పునీళ్ళు చల్లి మొలకలు కొంత ఆపుకోగలిగారు. కుప్ప పోసిన గింజకి ఆ దారి కూడా లేదు. అప్పుడే అనుకున్నాను, ఎండ మీదే ఆధారపడి ఇంకో సార్వా గడపకూడదని.

ఈ సార్వాలో ఎకరానికి 32 చొప్పున 160 బస్తాలు వచ్చాయి. అన్నీ ఒకే రోజు కోత. ఒక మాట ముందే చెప్పాలి: మిషను పొద్దున్న ఏడింటికి వస్తానంటే నేను పదిన్నర దాకా చేలో దిగనివ్వలేదు. మంచు ఆరకముందు కోస్తే గింజ తేమ ఒకటి, రెండు శాతం ఎక్కువ వస్తుంది. మూడు గంటలు ఆగితే ఆ మేరకు పైసా ఖర్చు లేకుండా ఆరినట్టే. చేలో నీళ్ళు కూడా కోతకి పది రోజుల ముందే తీసేశాం. అలా చేస్తే సగటున 23 శాతం వచ్చింది. నలభై బస్తాల చొప్పున నాలుగు వాటాలు వేశాను.

మొదటి వాటా ఎండకి. 24 అడుగులు, 18 అడుగుల బరకాలు నాలుగు పట్టాయి. అంగుళంన్నర మందంలో పరిస్తే నలభై బస్తాలకి మూడు సెంట్ల పైచిలుకు జాగా కావాలి. ఇంతకన్నా మందంగా పోస్తే పైగింజ మాడుతుంది, అడుగుగింజ పచ్చిగానే ఉంటుంది. ఇద్దరు ఆడకూలీలు అరగంటకోసారి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగబెట్టారు. సాయంత్రం నాలుగింటికల్లా పోగుచేసి బరకం కప్పాం, పొద్దున్న తొమ్మిది దాటాక విప్పాం. మొదటి రోజుకి 20.8, రెండో రోజుకి 18.6, మూడో రోజుకి 16.9. కూలీలు, మోతకి ఒక మనిషి, రెండు బరకాల అద్దె కలిపి 4,200 రూపాయలు. బస్తాకి 105. ఇంధనం ఖర్చు సున్నా, కాబట్టి ఎండ చవకని అందరూ అంటారు. కూలి లెక్క వేయకపోతే చవకే. ఇంటి ఆడవాళ్ళ కష్టం లెక్కలోకి రాని రోజుల మాట అది. కాళ్ళు పగుళ్ళిచ్చేదాకా ధాన్యంలో నడిచినవాళ్ళకి తెలుసు దాని ఖరీదు.

రోడ్డు మీద మాత్రం పోయలేదు, ఎవరూ పోయొద్దని బతిమాలుకుంటున్నాను. తారు వేడికి అడుగుగింజ పగులుతుంది, బండ్ల కింద నలుగుతుంది. అంతకంటే ముఖ్యం, రాత్రిపూట బరకం చుట్టూ పెట్టిన రాళ్ళు చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాళ్ళకి కనపడవు. మన ధాన్యం కోసం ఒకరి పిల్లాడు పడిపోకూడదు.

రెండో వాటా డీజిలు డ్రయ్యరుకి. ట్రాక్టరు వెనక తగిలించుకుని ఇంటి ముందుకే వస్తుంది. నిలువు డబ్బాలో గింజ కింద నుంచి పైకి తిరుగుతూనే ఉంటుంది, బర్నరు వేడి గాలి ఊదుతుంది. తిప్పడానికి, ఊదడానికి ట్రాక్టరు ఇంజనే. ఐదున్నర గంటల్లో 23 నుంచి 17కి వచ్చింది. ఈ వేగం ముందు మిగతావేవీ నిలవవు, ఆ గొప్ప దానికి ఇవ్వాల్సిందే. ఆకాశంలో మబ్బు కమ్ముతుంటే ఇంటి ముందు ఆ యంత్రం ఉన్నవాళ్ళు నిద్రపోగలరు.

అయితే బర్నరు 26 లీటర్లు, ట్రాక్టరు 24 లీటర్లు తాగాయి. డీజిలు, అద్దె కలిపి 8,000, బస్తాకి రెండు వందలు. ఇంకో బాధ ఏమిటంటే, వచ్చిన మనిషి వేడి గాలిని 70 డిగ్రీలకి పెట్టాడు. తిండిగింజకి 55 దాటనివ్వకూడదు, విత్తనానికైతే 43 హద్దు. తగ్గించమంటే గంటల లెక్క చూపించి ఒప్పుకోలేదు. గంట గట్టిగా అడిగాక 58కి దించాడు. మధ్యలో మంట ఆపి గింజని కాసేపు ఊరికే తిరగనిస్తే లోపలి తేమ పైపొరకి వస్తుంది, తర్వాత తేలిగ్గా పోతుంది, గింజ కూడా పగలదు. ఆ ఓపికా అక్కడ లేదు. మీరు పిలిపిస్తే డిగ్రీల సంగతి, ఆపుదల సంగతి బేరం అప్పుడే మాట్లాడుకోండి. గింజ పోశాక మన మాట చెల్లదు. మంట గాలి నేరుగా గింజలోకి వెళ్ళే రకం కాబట్టి మొదటి పది నిమిషాల పొగ వాసన బియ్యంలో తెలిసింది కూడా.

మూడో వాటా పక్క ఊరి రైతుల బృందం నడిపే ఊక డ్రయ్యరుకి. ఇటుకలతో కట్టిన పెద్ద తొట్టి, అడుగున చిల్లుల రేకు. దాని మీద అడుగు మందాన ధాన్యం పోస్తారు. పక్కన ఊక పొయ్యి, ఐదు హెచ్‌పీ ఫాను ఆ వేడిని రేకు కిందికి తోస్తుంది. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతుల దగ్గర ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. అక్కడా మనలాగే డెల్టా, మనలాగే వానల్లో కోత. మన దగ్గర ఇంత తక్కువ ఎందుకున్నాయో అని బాధనిపిస్తుంది. ఎందుకంటే దీనికి కావాల్సిన ఇంధనం మన ధాన్యంలోనే ఉంది. ధాన్యం బరువులో ఐదో వంతు ఊక. నా నలభై బస్తాలు ఆడిస్తే ఐదున్నర క్వింటాళ్ళ ఊక వస్తుంది. వాటిని ఆరబెట్టడానికి పొయ్యిలో పడింది గంటకి 25 కిలోల చొప్పున ఏడు గంటలకి 175 కిలోలు. మూడో వంతు కూడా కాలేదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. వేడి లెక్క చూస్తే ఊక పొయ్యి పొదుపరి కాదు. నీళ్ళని ఆవిరి చేయడానికి, కరెంటు లెక్కలో చెప్పుకుంటే, కిలోకి దాదాపు 0.7 యూనిట్లు పడుతుంది. నా 217 కిలోలకి 150 యూనిట్ల పైచిలుకు. లీటరు డీజిల్లో పది యూనిట్ల వేడి ఉంటుంది కాబట్టి రెండో వాటా 500 యూనిట్లు మింగింది. కిలో ఊకలో నాలుగు యూనిట్ల దాకా ఉంటుంది, అంటే మూడో వాటాకి 700 యూనిట్లు, పైగా ఫాను కరెంటు. సగానికి సగం పైగా గొట్టంలోంచి, గోడల్లోంచి పోయింది. అయినా నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఆ 700 యూనిట్లూ మిల్లు వెనక గుట్టగా పడి ఉండేవి, డీజిలు ఎక్కడో తవ్వి ఓడల్లో తెచ్చినది. బూడిద కూడా వృథా పోలేదు, నారుమడికి తెచ్చుకున్నాను.

ఆరుదల నాణ్యం బాగుంది. గాలి 43, 44 డిగ్రీలు దాటలేదు, ఆ పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దాయన థర్మామీటరు మీద నుంచి కన్ను తిప్పలేదు. లోపం ఏమిటంటే అడుగుపొర 15కి వచ్చేసరికి పైపొర ఇంకా 19 దగ్గరే ఉంది. నాలుగో గంటలో ఇద్దరు దిగి పారలతో కిందా మీదా చేశారు. అది చేయకపోతే సంచిలో రెండు రకాల గింజ కలిసిపోయి, మీటరు పెట్టిన చోటల్లా ఒక్కో అంకె చూపిస్తుంది. రవాణాతో కలిపి బస్తాకి 155 అయింది. ఇంకో లోపం, వంతు కోసం ఎదురుచూపు. నాకు రెండు రోజులు పట్టింది. వాన పట్టిన వారంలో అయితే నాలుగైదు రోజులని చెప్పారు. పచ్చి గింజ నాలుగు రోజులు సంచుల్లో ఉంటే డ్రయ్యరు దాకా వెళ్ళేది ధాన్యం కాదు, మొలకలు.

ఆ ఎదురుచూపుకి మందు నాలుగో వాటాలో దొరికింది. ఇది మా అబ్బాయి, నేను కలిసి ఇంట్లో చేసుకున్నది. రెండు హెచ్‌పీ బ్లోయరు, స్టార్టరుతో సహా 24,000. వెదురు దడిని సగం గొట్టంలా వంచి, పైన సన్న జాలీ కుట్టి, పశువుల పాకలో సిమెంటు నేల మీద బోర్లించాం. ఒక కొస బ్లోయరుకి, రెండో కొస మూసేశాం. దాని మీద మూడడుగుల ఎత్తున ధాన్యం పోశాం. దడి, జాలీ, తాళ్ళు కలిపి 3,000 లోపే. పొయ్యి లేదు, మంట లేదు. ఊరికే బయటి గాలిని గింజల మధ్యనుంచి తోయడమే. చూడ్డానికొచ్చిన మా మరిది, ‘‘వదినా, చల్లగాలికి వడ్లు ఆరతాయా?’’ అన్నాడు. ఉతికిన బట్టలు నీడలో ఆరట్లేదా అన్నాను.

మొదటి రోజు మాత్రం మరిది మాటే నిజమయ్యేలా కనిపించింది. కుప్పని చుట్టూ వాలుగా పోశాం, మధ్యలో ఎత్తు, అంచుల్లో పలచన. గాలి తేలిక దారి వెతుక్కుంటుంది కదా, అంచుల్లోంచి ఉసూరుమని పోయింది. అంచు 19, మధ్య 22.8. మర్నాడు పలకలు నిలబెట్టి, కుప్పని పైన చదునుగా, అన్ని వైపులా ఒకే మందంలో సర్దాం. అప్పుడు చెయ్యి పైన పెడితే ఎక్కడ చూసినా ఒకేలా ఊపిరి తగిలింది. చల్లగా, తడిగా. గింజలోని నీళ్ళే ఆ తడి.

రెండో తప్పు నాది. ఆత్రం కొద్దీ మూడో రాత్రి బ్లోయరు ఆపకుండా వదిలేశాను. పడుకునేముందు 18.2 ఉన్నది తెల్లారేసరికి 18.4. తొమ్మిది గంటల కరెంటు, 14 యూనిట్లు, తేమని పైకి తెచ్చాయి. ఎందుకని మా అబ్బాయిని అడిగితే గాలిలో తేమ చూపే చిన్న మీటరు తెచ్చి పాకలో తగిలించాడు. తెల్లవారుజామున 92 శాతం. మధ్యాహ్నం రెండింటికి 57. గింజ తన చుట్టూ ఉన్న గాలితో రాజీకి వస్తుంది. గాలిలో తేమ 90 ఉంటే ఎంత ఊదినా గింజ దాదాపు 17, 18 దగ్గర ఆగిపోతుంది, అంతకన్నా ఎండినదైతే తేమని తిరిగి తాగుతుంది. 75 ఉంటే 14 దాకా వస్తుంది. 60 ఉంటే 12 దాకా. కాబట్టి డిసెంబరులో బ్లోయరు పది నుంచి ఐదింటి దాకా మాత్రమే. మోటారు ఎన్ని హెచ్‌పీలన్న దానికన్నా ఏ గంటలో స్విచ్చి వేశామన్నదే ముఖ్యమని నాకు ఆ 14 యూనిట్లతో అర్థమైంది. ఆ చిన్న మీటరు ఖరీదు కొన్ని వందలే, బ్లోయరు కొనేవాళ్ళు ముందు అది కొనండి.

నాలుగు రోజుల్లో 23 నుంచి 16.8. విడిగా పెట్టిన మీటరులో మొత్తం 57 యూనిట్లు, నా తప్పు రాత్రితో కలిపి. 150 యూనిట్ల పనిని 57 ఎలా చేశాయన్నది మా ఆయనకి నమ్మకం కుదరలేదు. ఆవిరి చేసే వేడి కరెంటుది కాదు. మధ్యాహ్నపు పొడిగాలిలో సూర్యుడు దాచిన వేడి అది. గింజల్లోంచి వెళ్ళేటప్పుడు గాలి తన వేడి ఇచ్చి, తేమ తీసుకుని, చల్లబడి బయటికొస్తుంది. మోటారు ఆ గాలిని మోసుకొస్తోంది, అంతే. బరకం మీద ఆరబెట్టినప్పుడు పైపొరకి మాత్రమే తగిలే గాలి ఇక్కడ ప్రతి గింజకీ తగులుతుంది, కాళ్ళతో తిప్పే పని కూడా తప్పుతుంది. కరెంటుకి 460, పోత, సర్దుడు, ఎత్తుడు కూలి కలిపి 1,500 చిల్లర. బస్తాకి 40 లోపే పడింది. యంత్రం ఖరీదు ఇందులో కలపలేదు. ఎండతో పోలిస్తే నలభై బస్తాల మీద 2,600 మిగిలింది కాబట్టి, పది, పదకొండు దఫాలకి తిరిగొస్తుంది. ఒక పంటకి నాలుగు దఫాలు వేసుకున్నా మూడు పంటలు.

ఒక జాగ్రత్త. పంపుసెట్టు కనెక్షన్ నుంచి దీనికి లాగొద్దు, అది బోరు కోసం ఇచ్చినది. ఇంటి మీటరు నుంచే తీసుకున్నాం. పాకలో నేల తడిగా ఉంటుంది, పిల్లలు తిరుగుతారు, ఎర్తు తీగ సరిగ్గా వేయించకుండా స్విచ్చి ముట్టుకోవద్దు.

ఇక గింజ సంగతి. నాలుగు వాటాల నుంచి ఒక్కో బస్తా విడిగా ఉంచి, అన్నిటినీ 14కి తెచ్చి, జనవరి చివర ఒకే మిల్లులో ఒకే రోజు ఆడించాను. బస్తాకి నూక డీజిలు వాటాలో ఆరున్నర కిలోలు. ఎండలో ఐదు. ఊకలో నాలుగు. బ్లోయరులో మూడు. పైపొర గబగబా ఎండి బిగుసుకుంటే, లోపల తడి ఉన్న గింజకి సన్నటి నెర్రె పడుతుంది. ఎండిన గింజ రాత్రి మంచు తాగినా నెర్రే. అది ధాన్యంగా ఉన్నప్పుడు కంటికి కనపడదు, మిల్లు రోలర్ల మధ్య తెలుస్తుంది. విత్తనానికి వంద గింజల చొప్పున తడి గోనెలో చుట్టి చూస్తే బ్లోయరు వాటాలో 94 మొలిచాయి, ఊకలో 92, ఎండలో 90, డీజిలులో 78. ఆ డెబ్భై డిగ్రీల గంట వల్లే అని నా నమ్మకం.

అమ్మే ధాన్యం గురించి ఒక లెక్క. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం హద్దు. దాన్ని దాటితే కోత పెడతారని భయపడి 14 దాకా ఎండబెట్టేవాళ్ళని చూస్తున్నాను. 17 నుంచి 14కి దించితే ఒక్కో బస్తాలో ఇంకో 2 కిలోల 400 గ్రాములు పోతాయి. 2025–26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే బస్తాకి 57 రూపాయలు ఆవిరి చేసుకున్నట్టు, ఆ ఆవిరికి ఖర్చు కూడా మనదే. అమ్మేది 16న్నర, 17 మధ్య ఆపేయండి. తిండిగింజలు 14కి, విత్తనం 13 లోపుకి. నేను ఇంటికి, విత్తనానికి ఉంచిన 20 బస్తాలని బ్లోయరు మీదే ఇంకో ఐదు రోజులు ఉంచాను. ఆఖరి రెండు శాతం బాగా నిదానంగా దిగుతుంది, తొందరపడితే గింజ పాడవుతుంది తప్ప పని కాదు.

దీనికంతటికీ తేమ మీటరు సొంతంగా ఉండాలి. వేడి గింజని మీటరులో పోస్తే తప్పు చూపిస్తుంది, నీడలో చల్లారనిచ్చి చూడాలి. ఒక సంచికి పైన, మధ్య, అడుగున మూడు చోట్ల తీసి కలపాలి. ఒక మిల్లు దగ్గర నా ధాన్యాన్ని 19 అన్నారు. నా మీటరు 16.9. అదే సంచి నుంచి వాళ్ళ ముందే మళ్ళీ ఇద్దరి మీటర్లతో కొలిపించాను, వాళ్ళదే 17.2 చూపించింది. చేతిలో మీటరు లేకపోతే ఆ రెండు శాతానికి కోత ఒప్పుకుని వచ్చేదాన్ని.

బ్లోయరు అన్నిటికీ జవాబు అనను. వాన పట్టి గాలిలో తేమ 95 దగ్గరే నిలబడితే అది ఆరబెట్టదు. కానీ కుప్పని చల్లగా ఉంచుతుంది. రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు ఊదితే లోపల వేడి చేరదు, ముక్కవాసన రాదు, మొలక ఆగుతుంది. మూడు నాలుగు రోజులు గింజ చెడకుండా నిలబడుతుంది. ఆ గడువులో ఊక డ్రయ్యరు వంతు వచ్చేస్తుంది. 2023లో ఈ ఒక్కటి పాకలో ఉండి ఉంటే ఆ అన్నం గిన్నె వేడి మేం చూసేవాళ్ళం కాదు. అందుకే మా ఇంటికి నా తీర్పు: కోసిన పూటే బ్లోయరు మీదకి, పొడి రోజులైతే చివరిదాకా అక్కడే, ముసురు పడితే ఊక డ్రయ్యరుకి. డీజిలు డ్రయ్యరు ఫోను నంబరు మాత్రం గోడ మీద రాసే ఉంచాను. తుపాను హెచ్చరిక వచ్చి, ఊకకి వంతు దొరకని రోజు బస్తాకి రెండు వందలు ఎక్కువ కాదు.

నలభై బస్తాలకి మించి ఈ రెండు హెచ్‌పీ లాగలేదు. పెద్ద కమతం ఉన్నవాళ్ళు మోటారు పెంచుకోవడం కన్నా రెండు చిన్న కుప్పలు, రెండు బ్లోయర్లు పెట్టుకోవడం మేలని నాకనిపిస్తోంది. ఎత్తు పెంచితే గాలికి అడ్డు పెరిగి, అదే పనికి కరెంటు ఎక్కువ పడుతుంది. జాలీని ఎలకలు రెండు చోట్ల కొరికాయి. ఈసారి ఇనప జాలీ వేయాలి.

ఇప్పుడు దాళ్వా పొట్ట మీద ఉంది. ఏప్రిల్లో కోత. ఆ ఎండల్లో ఆరుదలకి లోటుండదు, గింజ పగలకుండా ఆపడమే కష్టం. దాళ్వా ధాన్యం పచ్చిబియ్యంగా ఆడితే నూకైపోతుందనే ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది. మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతుంది కాబట్టి బ్లోయరు వేళలు తిరగేద్దామనుకుంటున్నాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఊది, పగలు ఆపేసి, పాక పడమటి వైపు గోనెపట్టాలు కడతాను. ఇరవై బస్తాలు అలా, ఇరవై బస్తాలు మామూలుగా ఎండలో. నోటుబుక్కులో గీతలు కొట్టి ఉంచాను. రెండిటి నూకా తూచి రాస్తాను.